భీమవరం మందు, శీలావతి పేగు: చేప పొట్టలోని సూక్ష్మజీవుల కథ

ఎపిసోడ్ వినడానికి టైం చిక్కని వాళ్ల కోసం, విన్నాక ఇంకోసారి నెమ్మదిగా చదువుకుందామనే వాళ్ల కోసం, ఈ వారం కథ ఇక్కడ రాసి పెడుతున్నాం. డ్యూటీ బస్సులో చదువుకున్నా సరే, రూంలో నలుగురికీ చదివి వినిపించినా సరే.

ఫర్వానియాలో, ఖైతాన్‌లో, జలీబ్‌లో మనవాళ్ల రూముల్లో సెలవు రోజు వంట అంటే చికెన్, లేదంటే చేపల పులుసు. బకాలా ఫ్రీజర్లో దొరికే రోహూనే ఎక్కువమంది తెచ్చుకుంటారు. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు దాన్నే శీలావతి అంటారు. తలకాయ ఎవరికి, తోక ఎవరికి అని రూంలో వాదన నడుస్తుందిగానీ పొట్టలోని పేగుల గురించి ఎవరూ వాదించరు. అవి నేరుగా చెత్తబుట్టలోకి పోతాయి. ఈ వారం మన కథ ఆ పారేసే పేగులదే. అందులో ఉండే కంటికి కనబడని ప్రాణుల గురించి, చేప తినే మేతకీ వాటికీ ఉన్న సంబంధం గురించి, ఆ సంబంధాన్ని మనుషులు ఎలా కనుక్కున్నారన్న దాని గురించి. ఈ కథ మధ్యలో భీమవరంలో పుట్టి, పరాయి దేశంలో పనిచేసి, తిరిగి ఇంటికి రాని ఒకాయన కూడా వస్తాడు.

ముందు చేప పొట్ట సంగతి చూద్దాం. శీలావతి, బొచ్చె (కట్ల), మోసు, గడ్డి చేప అన్నీ ఒకే వంశం. వీటికి మనలాగా జీర్ణాశయం లేదు. గొంతు దాటితే ఇక పేగే. జీర్ణాశయం లేదంటే అందులో ఊరే ఆమ్లం కూడా లేదు. శీలావతి పేగుని చుట్టలు విప్పి చాపితే చేప ఒంటికంటే ఎన్నో రెట్లు పొడవు వస్తుంది. కొర్రమీను అలా కాదు. అది వేటాడే చేప. చిన్న చేపల్ని, కప్పల్ని పట్టి మింగుతుంది. దానికి జీర్ణాశయం ఉంది, పేగు పొట్టిది. మాంసం తొందరగా అరుగుతుంది. ఆకు, నాచు, పీచు అరగాలంటే టైం పడుతుంది, అందుకే పొడుగు పేగు. ఆవు పొట్టకీ పిల్లి పొట్టకీ ఉన్న తేడా లాంటిదే ఇది.

ఏ చేపకి ఏ మేత అన్నది మనవాళ్లకి కొత్త విషయమేమీ కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరుతో 12వ శతాబ్దంలో వచ్చిన 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదం అని ఒక భాగం ఉంది. చేపల రకాలు, ఏ రకానికి ఏ మేత వెయ్యాలి, గాలంతో ఎలా పట్టాలి అన్నీ అందులో ఉన్నాయి. మన దేశంలో చేపల శాస్త్రానికి పెద్ద పేరు తెచ్చిన సుందర్ లాల్ హోరా 1951లో దీని మీద ఒక వ్యాసం రాసి శాస్త్రలోకానికి గుర్తుచేశాడు. ఇక ఈ చేపలకి శాస్త్రీయ నామాలు వచ్చింది 1822లో. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో శీలావతి, బొచ్చె, మోసు మూడూ ఉన్నాయి. వేలెడంత కూడా లేని ఒక చారల చేప కూడా అందులోనే ఉంది. జీబ్రా చేప అంటారు. దాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

నదిలో ఉన్నంతకాలం శీలావతి ఏం తింటుంది? పిల్లప్పుడు నీటిలో తేలే సూక్ష్మ ప్రాణుల్ని, పెద్దయ్యాక నాచుని, కుళ్లిన ఆకుని, నీటి మొక్కల్ని. బొచ్చె పైనీటిలో తేలే ప్లవకాలు తింటుంది. మోసు అడుగు బురదలో మేస్తుంది. ఒకే నీటిలో మూడు అంతస్తుల మెస్ అనుకోండి, ఎవరి అంతస్తు వాళ్లది.

అది మారింది చెరువుల కాలంలో. అప్పటిదాకా ఈ చేపలు చెరువులో గుడ్లు పెట్టేవి కావు, పిల్లల్ని నదిలో పట్టి తేవాల్సిందే. 1957 జులై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, ఆయన తోటివాళ్లు పిట్యూటరీ గ్రంథి సారం ఇంజెక్షన్ చేసి మన దేశపు గండి చేపల చేత గుడ్లు పెట్టించారు. దేశంలో ఇప్పటికీ ఆ రోజునే చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ తర్వాత 1976 నుంచి కొల్లేరులో సహకార సంఘాల పేరుతో చేపల చెరువులు తవ్వడం మొదలైంది. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టూ వరి చేలు చెరువులయ్యాయి. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టడం, అదంతా ఇంకో ఎపిసోడ్ కథ. మనకి ఇక్కడ కావాల్సింది ఒక్కటే, ఆ చెరువుల్లో చేప తిన్న మేత.

ఆంధ్ర రైతు చేపకి ఏం పెట్టాడు? తన ఊళ్లో దొరికిందే పెట్టాడు. డెల్టాలో ఎటు చూసినా రైస్ మిల్లులే, మిల్లు నుంచి తవుడు వస్తుంది. తవుడు నుంచి నూనె తీసేశాక మిగిలేది డీఓబీ. దానికి వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క కలిపారు. నీటిలో పచ్చదనం రావడానికి కోళ్ల పెంట వేశారు. మేత వేసే పద్ధతి కూడా మన రైతు సొంతమే. యూరియా సంచులకి చిల్లులు పెట్టి, లోపల మేత నింపి, చెరువులో పాతిన వెదురు బొంగులకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. చదువుకున్నవాళ్లు ఆ తర్వాత వచ్చి ఈ పద్ధతి మీద రిపోర్టులు రాశారు. కలకత్తాకి, అస్సాంకి ఐసు పెట్టెల్లో వెళ్లిన కోట్ల చేపలు ఈ సంచుల మేతతో పెరిగినవే.

ఇప్పుడు అసలు ప్రశ్న. తవుడులో, చెక్కలో పీచు బాగా ఉంటుంది. పీచంటే సెల్యులోజ్. దాన్ని విరగ్గొట్టే సెల్యులేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసుకోవడం వెన్నెముక ఉన్న జంతువులకి చేతకాదు. మనకీ చేతకాదు, ఆవుకీ చేతకాదు. ఆవు పొట్టలో ఉన్న సూక్ష్మజీవులు దానికి ఆ పని చేసిపెడతాయి. మరి శీలావతికి ఎవరు చేస్తున్నారు?

చాలాకాలం శాస్త్రవేత్తలు చేప పేగులోని బ్యాక్టీరియాని పెద్దగా పట్టించుకోలేదు. చేప నీటిలో ఉంటుంది, నీటిలో బ్యాక్టీరియా ఉంటుంది, మేతతో పాటు లోపలికి పోతుంది, వెనక నుంచి బయటికి వస్తుంది, అంతేగా అనుకునేవాళ్లు. చేప పేగులో ఏం దొరికినా అది దారిన పోయే దానయ్యే అని లెక్క. ఈ విషయంలో శాస్త్రంలో రెండు మాటలున్నాయి. ఒకటి స్థానిక బ్యాక్టీరియా, అంటే పేగు గోడకి అంటుకుని అక్కడే కాపురం ఉండేది. రెండోది వచ్చిపోయే బ్యాక్టీరియా. కువైట్‌లో ఉన్న మనకి ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే మనలాగే, వచ్చిపోయేవి కూడా ఉన్నన్నాళ్లూ పని చేస్తాయి. అందుకని ఎవరు స్థానికులు అన్న ప్రశ్న ఒక్కటీ సరిపోదు, ఎవరు ఏ పని చేస్తున్నారన్నది కూడా చూడాలి.

అది చూసిన వాళ్లలో శాంతినికేతన్ విశ్వభారతి వాళ్లు ముఖ్యులు. అక్కడ ఏ.కె. రాయ్, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి మన చేపల పేగుల మీదే పనిచేశారు. 1998లో అచ్చయిన వాళ్ల ప్రయోగం చూడండి, ఎంత సులువుగా ఉందో. శీలావతి పిల్లల్ని తీసుకున్నారు. కొన్నిటికి మామూలు మేత పెట్టారు. కొన్నిటికి అదే మేతలో టెట్రాసైక్లిన్ అనే యాంటిబయాటిక్ కలిపి పెట్టారు. తర్వాత రెండింటి పేగుల్లోనూ సెల్యులేజ్ ఎంత ఉందో కొలిచారు. మందు తిన్న చేపల్లో తగ్గిపోయింది. మందు చంపేది బ్యాక్టీరియాని, చేపని కాదు. బ్యాక్టీరియా పోతే ఎంజైమ్ తగ్గిందంటే, ఆ ఎంజైమ్‌లో ఎక్కువ భాగం బ్యాక్టీరియా చేస్తున్నదే అని తేలినట్టే కదా. ఆ తర్వాత గడ్డి చేపలో, తిలాపియాలో కూడా పీచుని విరగ్గొట్టే బ్యాక్టీరియాని విడిగా తీసి చూపించారు.

ఆ ప్రయోగంలో వాడిన టెట్రాసైక్లిన్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆ మందు కుటుంబంలో పెద్దన్న పేరు ఆరియోమైసిన్. అది 1948లో లోకానికి తెలిసింది. అమెరికాలో లెడర్లీ అనే కంపెనీ ప్రయోగశాలలో బెంజమిన్ డుగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశాడు. ఆ ప్రయోగశాలలో పరిశోధనలన్నీ నడిపిస్తున్నది మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినవాడు. ఈరోజు చేపల చెరువుల నడుమ ఉన్న అదే భీమవరం.

సుబ్బారావు కథలో కూడా పేగు ఉంది. ఆయన అన్న, తమ్ముడు ఇద్దరూ కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తహీనత, మనిషి ఎండిపోతాడు, అదీ స్ప్రూ అంటే. ఆయన 1922లో ఓడెక్కి అమెరికా వెళ్లాడు. చేతిలో డబ్బుల్లేక ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేస్తూ చదువుకున్నాడు. 1940లో లెడర్లీలో చేరాడు. 1945కల్లా ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకి అది మందయింది. ఆ తర్వాత బోదకాలు జబ్బుకి హెట్రజాన్ వచ్చింది. ఆ వెనక ఆరియోమైసిన్. ఉష్ణదేశాల స్ప్రూకి డాక్టర్లు ఇప్పటికీ ఇచ్చేది ఏంటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి రెండు మందులూ ఒకే ప్రయోగశాల వైపు నుంచి వచ్చాయి. 1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే కన్నుమూశాడు. వెళ్లిన 26 ఏళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఇక్కడ చదువుతున్నవాళ్లలో సెలవు దొరక్క ఏళ్లు గడిచినవాళ్లు ఉంటారు. ఆ మాట బరువు వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆయన పోయాక అదే కంపెనీలో స్టోక్‌స్టాడ్, జూక్స్ అని ఇద్దరు కోడిపిల్లల మేత మీద పని చేస్తున్నారు. వాళ్లకి కావాల్సింది చౌకగా దొరికే బి12 విటమిన్. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిపోయే పిప్పిలో బి12 ఉంటుందని దాన్ని కోడిపిల్లలకి పెట్టి చూశారు. పిల్లలు బి12 వల్ల పెరగాల్సిన దానికంటే ఎక్కువ పెరిగాయి. పిప్పిలో మిగిలిన యాంటిబయాటిక్ వల్లే అదని 1950లో చెప్పారు. అప్పటి నుంచి జబ్బు లేకపోయినా పశువుల మేతలో, కోళ్ల మేతలో యాంటిబయాటిక్ కలపడం ప్రపంచమంతా అలవాటయింది. తర్వాత ఆక్వాలోకీ వచ్చింది. ప్రాణం నిలపడానికి కనుక్కున్న మందు తూకం పెంచే సరుకైపోయింది. మందుకి లొంగని బ్యాక్టీరియా పెరుగుతోందని ఈరోజు ప్రపంచం భయపడుతోందంటే అందులో ఈ అలవాటుకీ వాటా ఉంది.

బి12 మళ్లీ మన చేప పేగులోకి తీసుకెళుతుంది. చేపకి కూడా బి12 కావాలి. కానీ 1982లో అమెరికాలో తిలాపియా మీద చేసిన పరీక్షల్లో ఒక వింత బయటపడింది. మేతలో బి12 అసలు లేకపోయినా తిలాపియా బాగానే పెరిగింది. పేగులోని బ్యాక్టీరియా దానికి బి12 తయారుచేసి పెడుతోంది. తిలాపియా అంటే మన వైపు జిలేబీ చేప, ఇక్కడ ఈజిప్టు వాళ్లు బుల్తీ అని కొనుక్కునేది. 1991లో జపాన్‌లో సుగిటా, ఆయన తోటివాళ్లు ఇంకో అడుగు వేశారు. బి12 మేతలో అక్కర్లేని గండి చేప, తిలాపియా లాంటి వాటి పేగులో ఒక రకం బ్యాక్టీరియా దండిగా ఉంది. మేతలో బి12 కావాల్సిన అమెరికా క్యాట్‌ఫిష్, ఈల్ పేగుల్లో అది లేదు. దానికి అప్పటికి సరైన పేరు కూడా లేదు. తర్వాత 2003లో మనుషుల మలంలో దొరికిన ఒక బ్యాక్టీరియాకి సెటోబాక్టీరియం సోమరే అని పేరు పెట్టారు. 2008కి వచ్చేసరికి సుగిటా బృందమే చేప పేగులో తాము చూసిందీ, ఇదీ ఒకటేనని చెప్పింది. ఊరంతా ముఖం ఎరిగిన మనిషికి చాలా ఏళ్లకి ఆధార్ కార్డు వచ్చినట్టన్నమాట.

ఇప్పుడు మన జీబ్రా చేప దగ్గరికి వద్దాం. 1822లో హామిల్టన్ రాసిన ఆ చారల చేప ఈరోజు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతోంది. పిల్లప్పుడు దాని ఒళ్లు అద్దంలా ఉంటుంది, లోపల జరిగేది బతికుండగానే చూడొచ్చు. 2006లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. బ్యాక్టీరియా అసలు లేకుండా పెంచిన చేపల్లోకి ఎలుక పేగు బ్యాక్టీరియాని, అలాగే పెంచిన ఎలుకల్లోకి చేప పేగు బ్యాక్టీరియాని ఎక్కించారు. రకాలు ఎక్కడి నుంచి వచ్చినవి అక్కడివే ఉన్నాయి, కానీ వాటి పాళ్లు కొత్త ఇంటికి తగ్గట్టు మారాయి. చేపలోకి వెళ్లిన బ్యాక్టీరియా చేప పద్ధతికి వచ్చింది, ఎలుకలోకి వెళ్లింది ఎలుక పద్ధతికి వచ్చింది. 2011లో ఇంకో పరీక్ష చేశారు. సహజంగా ఉండే చోట అప్పుడే పట్టిన జీబ్రా చేపల్నీ, తరతరాలుగా ప్రయోగశాలలో పెరిగిన వాటినీ పోల్చారు. మేత వేరు, నీళ్లు వేరు, దేశం వేరు. అయినా రెండింటి పేగుల్లోనూ కొన్ని రకాలు ఒకేలా కనిపించాయి. దారిన పోయే దానయ్య కథ అక్కడికి సరి. పేగు తనకి కావాల్సిన వాటిని ఏరుకుంటుంది.

మరి మేత సంగతి? మేతా చాలా చేస్తుంది. 2016లో చైనా శాస్త్రవేత్తలు మంచినీటి చేపలు 8 రకాలు పట్టి చూశారు. గడ్డి తినే వాటిలో పీచుని విరగ్గొట్టే రకాలు ఎక్కువ, చేపల్ని తినే వాటిలో మాంసకృత్తుల్ని అరిగించే రకాలు ఎక్కువ. ఎంజైములు కూడా దానికి తగ్గట్టే ఉన్నాయి. అంటే రెండూ నిజమే. వచ్చినవాళ్లలో ఎవర్ని ఉంచాలో పేగు చూసుకుంటుంది. ఉన్నవాళ్లలో ఎవరికి పని దొరుకుతుందో మేత నిర్ణయిస్తుంది. మనం ఊళ్లో సంగటో, గోదావరి బియ్యమో తిని, ఇక్కడికొచ్చి ఖుబూస్‌కి అలవాటు పడినట్టే. మొదటి నెల కడుపు గోల పెట్టింది, తర్వాత సర్దుకుంది. అలా సర్దుకోవడంలో మన పేగులోని బ్యాక్టీరియా పాత్ర కూడా ఉంది.

ఇదంతా తెలిసి మనకేం ఒరుగుతుందని కొందరు అడుగుతారు. చెబుతాను.

ఇక్కడ సంపాదించిన డబ్బు ఊళ్లో చెరువు లీజులో పెట్టినవాళ్లు మనలో ఉన్నారు. బావమరిదో తమ్ముడో చూసుకుంటాడు, నెలకోసారి వాట్సాప్‌లో మేత బిల్లు, మందుల బిల్లు వస్తుంది. చెరువు ఖర్చులో పెద్ద వాటా మేతదే. ఆ మేతలోని పీచు చేప ఒంటికి ఎంతోకొంత పట్టాలంటే పేగులో బ్యాక్టీరియా బాగుండాలి. మందుల బిల్లులో యాంటిబయాటిక్ కనబడితే ఒక ప్రశ్న అడగండి, 'ఏ జబ్బుకి? ఎవరు పరీక్ష చేసి చెప్పారు?' అని. మన గండి చేపల్ని ఎక్కువగా బాధపెట్టే వాటిలో చేప పేను ఒకటి. అది పురుగు. దానికి యాంటిబయాటిక్ పనిచెయ్యదు. డబ్బూ పోతుంది, పేగులోని పనివాళ్లూ పోతారు, మేతా దండగ. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి ఆక్వాలో నిషేధం కూడా. ప్రోబయాటిక్ అని డబ్బాలు అమ్ముతున్నారు. అందులో పనికొచ్చేవీ ఉన్నాయి, ఉత్త పొడీ ఉంది. లోపల ఏ బ్యాక్టీరియా, ఎంత, ఏ తేదీ వరకు అని డబ్బా మీద లేకపోతే కొనొద్దని చెప్పండి.

రెండోది వంటింటి మాట. చేప చచ్చాక కూడా పేగులో బ్యాక్టీరియా, ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. ముందు పొట్ట భాగం మెత్తబడేది అందుకే. కువైట్ ఎండలో తాజా చేప కొని కారు డిక్కీలో గంట ఉంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వీలైతే అక్కడే పేగులు, మొప్పలు తీయించి, ఐసు వేయించి తెచ్చుకోండి. ఫ్రీజర్ బ్యాక్టీరియాని నిద్రపుచ్చుతుంది, అన్నిటినీ చంపదు. ఒకసారి కరిగిన చేపని మళ్లీ ఫ్రీజర్లో పెట్టొద్దు.

మూడోది మన సొంత కడుపు గురించి. ఊరి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న మందుల సంచి ప్రతి రూంలోనూ ఉంటుంది. జలుబు చేస్తే చాలు అందులో నుంచి యాంటిబయాటిక్ తీసి, రెండు రోజులు వేసుకుని, తగ్గగానే ఆపేస్తాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి ఆ బిళ్ల పనిచెయ్యదు. దెబ్బ తగిలేది కడుపులో మనకి సాయం చేస్తున్న వాటికే. శీలావతి పేగులో ఏం జరిగిందో 1998లోనే చూశారు కదా. నిజంగా అవసరమైనప్పుడు డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడండి. సుబ్బారావు గారి ప్రయోగశాల ఆ మందు ఇచ్చింది ప్రాణం మీదికి వచ్చిన రోజు కోసం. ఆ రోజు వచ్చినప్పుడు అది పనిచెయ్యాలి.

వచ్చే వారం మళ్లీ చేపే, కానీ నదికి ఎదురీదే చేప. ఇక్కడ మార్కెట్లో సుబూర్ అని అమ్మేదీ, మన గోదావరిలో పులస అనేదీ ఒకే జాతి. షత్-అల్-అరబ్‌కీ యానాం పాయకీ ఉన్న ఆ చుట్టరికం గురించి మాట్లాడుకుందాం. ఈలోపు మీ ఊళ్లో శీలావతిని ఏ పేరుతో పిలుస్తారో, చెరువులో ఏ మేత వేస్తారో వాయిస్ మెసేజ్ పంపండి. ఉంటాం.